ఘాటు తగిలింది, వాసన రాలేదు

చీరాల నుంచి టీచరు గారు ఫోన్ చేసినప్పుడు నేను ధనియాలు వేయిస్తున్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, గరిటె తిప్పుతూనే మాట్లాడాను.

"నాగమణి గారూ, ఏమీ అనుకోకండి. ఈసారి కారం కాస్త ముక్కిన వాసన వస్తోందండి. మా వారు ఒక్క ముద్ద తిని కంచం పక్కన పెట్టేశారు."

ముక్కిన వాసనా! నా కారమా! ఒళ్ళు మండిపోయింది. గ్యాస్ ఆపేసి, అదే దఫాలో పట్టిన కారం డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఘాటు నషాళానికంటింది. రెండు తుమ్ములు తుమ్మి, కళ్ళు కొంగుతో తుడుచుకుని చెప్పాను.

"నా కారానికి ఏ రోగమూ లేదండీ. ఇప్పుడే చూశాను, నిక్షేపంలా ఉంది. మీరే తడి గరిటె పెట్టి ఉంటారు. వంటింట్లోకి ఎప్పుడో ఒకసారి తొంగిచూసే వాళ్ళకి అన్నీ ముక్కిన వాసనే వస్తాయి."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

"తేడాగా ఉందని మొదట ఏ రోజు అనిపించింది?" అని తర్వాత డాక్టరమ్మ అడిగితే ఈ రోజే చెప్పాను. కానీ నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు తేడాగా ఉన్నది నేను కాదు, టీచరు గారే.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు నలభై ఏడేళ్ళు. అద్దంకికి దగ్గర్లో ఒక పల్లె మాది. మా ఆయన కోటేశ్వరరావు మిరప, పత్తి వేస్తాడు. నేను వసారాలో చిన్న మిల్లు పెట్టుకుని పద్నాలుగేళ్ళుగా వంట కారం, సాంబారు కారం పట్టి ఇళ్ళకి పంపుతున్నాను. కాయ మంచిదో కాదో చూడటానికి నా దగ్గర యంత్రాలేమీ లేవు. కాయని తొడిమ దగ్గర విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. పైకి ఎర్రగా నిగనిగలాడుతూ లోపల బూజు పట్టిన కాయ ఉంటుంది చూశారూ, దాన్ని కళ్ళు పట్టలేవు, ముక్కు పడుతుంది. "మా మణి ముక్కుని మించిన మిషన్ లేదు" అని మా ఆయన ఊరంతా గొప్పలు చెప్పుకునేవాడు. ఆ ముక్కే నా పని, నా పేరు, నా పొగరు. అది లేకపోతే నాకూ పక్కూరి మిల్లుకీ తేడా ఏముంది?

టీచరు గారి ఫోన్ వచ్చేనాటికి నా జలుబు వయసు నాలుగు నెలలు. మిరపకాయ ఉన్న ఇంట్లో తుమ్మితే ఎవరూ రోగం అనుకోరు. తుమ్మకపోతేనే అనుకుంటారు. కోతల రోజుల్లో మొదలైంది. మొదట ముక్కు కారింది. తర్వాత కారడం ఆగి బిగుసుకుపోయింది, రెండు వైపులా. నోరు తెరిచి పడుకునేదాన్ని, తెల్లారేసరికి గొంతు ఎండిపోయేది. కళ్ళ కింద, బుగ్గల ఎముకల దగ్గర ఒకటే బరువు. కల్లంలో కాయలు తిరగబోయడానికి వంగితే ముఖంలోకి రాయి జారినట్టుండేది. చిక్కటి కఫం ముక్కులోంచి రాకుండా వెనక నుంచి గొంతులోకి దిగేది. పై పళ్ళు సలుపుతుంటే అద్దంకిలో పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. "పళ్ళు బాగానే ఉన్నాయమ్మా, ముక్కు చూపించుకోండి" అన్నాడాయన. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ముక్కు చూపించుకోవడం ఎందుకు, వైద్యం చేస్తూనే ఉన్నాంగా! మా ఊరి ఆర్.ఎం.పి. మూడు విడతలు యాంటీబయాటిక్ ఇచ్చాడు. వేసుకున్న నాలుగు రోజులు కాస్త తేలిగ్గా ఉండేది, తర్వాత మామూలే. మందుల షాపులో ముక్కులో వేసుకునే చుక్కలు ఇచ్చారు. అబ్బ, వాటి మహిమ! రెండు చుక్కలు వేస్తే క్షణంలో ముక్కు తలుపులు తెరుచుకునేవి. మొదట రాత్రికి ఒకసారి, తర్వాత పూటకొకసారి, తర్వాత రెండు గంటలకొకసారి. సీసా కొంగులో ముడేసుకు తిరిగేదాన్ని. అత్తయ్య పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టేది. వాము మూటగట్టి ఇచ్చేది.

వీటన్నిటికీ మించి నా సొంత వైద్యం ఒకటుంది. ముక్కు మరీ బిగుసుకుంటే మిల్లు వేసి, కారం రాలే చోట ముఖం పెట్టేదాన్ని. పది తుమ్ములు వచ్చి, కళ్ళ వెంట ముక్కు వెంట ధారగా నీళ్ళు కారి, ఒక గంట హాయిగా ఉండేది. "ఇదిగో, ఘాటు ఇంత బాగా తెలుస్తోంది, ఇక ముక్కుకేం ఢోకా?" అనుకునేదాన్ని. నేను చేసిన తప్పంతా ఈ ఒక్క ఆలోచనలో ఉంది. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన వాళ్ళం కదా, ఈ తప్పు మేము తప్ప ఎవరూ చెయ్యలేరనుకుంటాను.

ఆ ఏడాది కాయ కల్లంలో ఉండగా అకాల వాన పడింది. పట్టలు కప్పేలోపే ఒక మూల తడిసింది. మళ్ళీ ఎండబెట్టాం. తెల్లబడిన తాలు కాయలు ఏరేశాం. మిగిలినవి పైకి బాగున్నాయి. ఎప్పటిలాగే నేను నాలుగు కాయలు విరిచి వాసన చూశాను. ఘాటు తగిలింది. "బాగున్నాయి, పట్టేద్దాం" అన్నాను. ఆ కారమే చీరాల వెళ్ళింది.

ఫోన్ వచ్చిన మూడో రోజు టీచరు గారు ఆ డబ్బా మా ఊరికి వచ్చే వాళ్ళెవరితోనో తిప్పి పంపించారు. మూత మీద చిన్న కాగితం అంటించి ఉంది. "ఒక్కసారి మీ అత్తగారికి చూపించండి" అని గుండ్రటి బడి అక్షరాలు. ఇంకా మండింది నాకు. అయినా, చూపించి ఆవిడ నోరు మూయిద్దామని తీసుకెళ్ళి అత్తయ్య చేతికిచ్చాను.

అత్తయ్యకి డెబ్బై ఆరేళ్ళు. కళ్ళు మసక, మోకాళ్ళు పోయాయి, ముక్కు మాత్రం పదునే. మూత తీసి, అంత దూరంలో ఉండగానే ముఖం తిప్పేసుకుంది.

"ఛీ ఛీ! తడిసిన గోతంలాగా ఉందే! ఇది ఎవరిచ్చారే నీకు?"

"మనదే అత్తయ్యా. మీకు వయసు మీద పడి అలా అనిపిస్తోంది. ఘాటు చూడండి ఎలా ఉందో."

"ఘాటుదేముందే, కుళ్ళిన కాయకీ ఉంటుంది ఘాటు. వాసన చూడు, వాసన."

"చూశాను."

ఆమె నా ముఖంకేసి కాసేపు చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళి ఏదో పట్టుకొచ్చింది. "కళ్ళు మూసుకో" అంది. మూసుకున్నాను. "ఏంటిది?" అంది.

నాకేమీ రాలేదు. "ఇంకా దగ్గరకి పెట్టండి" అన్నాను.

"నీ ముక్కుకి ఆనించే పెట్టానే!"

కళ్ళు తెరిచి చూస్తే అది ఇంగువ డబ్బా. మూత తీసి ఉంది. ఇంగువ! పొయ్యి మీద వేస్తే నాలుగిళ్ళ అవతల తెలిసే ఇంగువ! నేను దాన్ని లాక్కుని పీల్చాను. కాఫీ పొడి డబ్బా తీశాను, పీల్చాను. కొబ్బరి నూనె, వెల్లుల్లి, దేవుడి దగ్గర కర్పూరం. కర్పూరం చల్లగా తగిలింది, అంతే. దేనికీ వాసన లేదు. వంటింటి మధ్యలో డబ్బాలన్నీ మూతలు తీసి పరిచేసి కూలబడిపోయాను. నాలుగు నెలలుగా కూర రుచి లేదంటే కూరగాయలు మందుల పంట అనుకున్నాను. పాలు విరిగితే తెలియలేదంటే పరధ్యానం అనుకున్నాను. నేను ఏడ్చాను. సిగ్గు లేదు చెప్పడానికి, పెద్దగా ఏడ్చాను.

ఏడుపు అయ్యాక ఫోన్ తీసి ఆ దఫా కారం వెళ్ళిన ప్రతి ఇంటికీ చేశాను. "ఆ కారం వాడకండి, పారబోయండి, తప్పు నాదే" అని చెప్పాను. టీచరు గారికి మాత్రం చెయ్యలేకపోయాను. అంత మాట అన్నాక ఏ ముఖం పెట్టుకుని చేస్తాను? ఆ డబ్బాకి మూత బిగించి, పైన టేపు చుట్టి, అటక మీద పెట్టాను. "ఇది ముక్కిందని నా ముక్కుతో నేను తెలుసుకున్న రోజే ఆవిడకి ఫోన్ చేస్తాను. ఆ రోజే మళ్ళీ మిల్లు వేస్తాను" అన్నాను.

"దీని మొండితనం తగలెయ్య" అన్నాడు మా ఆయన.

అత్తయ్య మాత్రం ముందు దిష్టి సంగతి తేల్చాలంది. ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మామూలుగా దిష్టి తగిలి ఉంటే ఎన్ని కాయలు కాల్చినా ఘాటు రాదంటారు. ఆ రోజు వచ్చిన ఘాటుకి ముగ్గురం దగ్గలేక చచ్చాం. గేదె కూడా తుమ్మింది.

అత్తయ్య కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని తీర్పు చెప్పింది. "దిష్టి కాదే. ఇది రోగమే. పొద్దున్నే గుంటూరు బస్సెక్కండి."

బ్రాడీపేటలో ముక్కు చెవి గొంతు డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ఆవిడ ముక్కులో మందు దూది పెట్టి, కాసేపాగి సన్నటి కెమెరా గొట్టం పంపించారు. దాన్ని ఎండోస్కోపీ అంటారు. నొప్పి కన్నా భయమే ఎక్కువ. ఎదురుగా టీవీలో నా ముక్కు లోపలిది నాకే చూపించారు. తొక్క తీసిన ద్రాక్షపళ్ళలాంటివి గుంపుగా వేలాడుతున్నాయి.

"ఇవి పాలిప్స్ అమ్మా. రెండు వైపులా నిండిపోయాయి. కళ్ళ కిందా నుదుటి వెనకా ఉండే గాలి గదుల్ని సైనస్‌లంటాం. వాటి దారులు మూసుకుపోయి లోపల చెత్త నిలవ ఉండిపోయింది. వాసన పట్టే చోటు ముక్కులో పైన ఎక్కడో ఉంటుంది. గాలి అక్కడిదాకా పోవట్లేదు."

నాకు ఇంకా పట్టుదల పోలేదు. "మరి ఘాటు ఎలా తెలుస్తోందండీ? నేను కారం పట్టేదాన్ని. నాకు అది బ్రహ్మాండంగా తెలుస్తోంది."

డాక్టరమ్మ నవ్వారు. "ఘాటు వాసన కాదమ్మా, మంట. మంటని మోసే నరం వేరు, వాసనని మోసే నరం వేరు. కంట్లో కారం పడితే కన్ను మండుతుంది. అంతమాత్రాన కన్ను వాసన చూసినట్టా?"

పద్నాలుగేళ్ళు కారంతో బతికిన దాన్ని, నాకు ఆ మాట చెప్పిన వాళ్ళు లేరు.

కొంగు ముడి విప్పి చుక్కల సీసా చూపించాను. ఆవిడ దాన్ని బల్ల మీద పక్కకి జరిపారు. "ఇవి నాలుగైదు రోజులకి మించి వాడకూడదు. నెలల తరబడి వాడితే ఇవే ముక్కుని మూసేస్తాయి. ఈ రోజు నుంచి బంద్. యాంటీబయాటిక్ కూడా ప్రతి జలుబుకీ పని చేసేది కాదు. జలుబు పది రోజులు దాటినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదిరినా అప్పుడు డాక్టరు చూసి ఇవ్వాలి. మూడు నెలలు దాటిందంటే దాన్ని క్రానిక్ అంటాం. దానికి దారి వేరు."

సి.టి. స్కాన్, రక్త పరీక్షలు, షుగరు అన్నీ చేశారు. స్కాన్ ఫిల్ము లైటుకి పెట్టి చూస్తూ, "ఎలర్జిక్ ఫంగల్ సైనసైటిస్‌లా ఉంది" అన్నారు.

ఫంగల్ అన్న మాట వినగానే మా ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. కరోనా రోజుల్లో మా పక్క వీధిలో ఒకాయనకి బ్లాక్ ఫంగస్ వచ్చి కన్ను తీసేశారు. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు.

"కన్ను పోతుందా మేడమ్?" అన్నాడు. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు.

"కూర్చోండి. అది వేరు, ఇది వేరు. అది షుగరు అదుపులో లేని వాళ్ళకి, ఒంట్లో శక్తి తగ్గిన వాళ్ళకి గబగబా పాకి కండని తినేస్తుంది. మీ ఆవిడకి షుగరు లేదు. ఇక్కడ ఫంగస్, అంటే బూజు, కండలోకి పోలేదు. సైనస్‌లో కూర్చుంది, దాని మీద ఒళ్ళు ఎలర్జీతో కోపం తెచ్చుకుంటోంది. ఆ కోపమే ఈ పాలిప్స్. అలాగని నిర్లక్ష్యం చేస్తే ఇదీ కంటి గోడని నొక్కుతుంది. ఆపరేషన్ చేయాలి."

"ఈవిడకి కోపం ఎక్కువేనండీ" అన్నాడు మా ఆయన కూర్చుంటూ. అప్పటికి ప్రాణం కుదుటపడినట్టుంది.

ముందు పది రోజులు స్టెరాయిడ్ మాత్రలు, ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే, రోజుకి రెండు పూటలా సెలైన్ వాష్, అంటే ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం. చుక్కలు మానేసిన మొదటి వారం నరకం. గోడకి దిండు వేసుకుని కూర్చునే నిద్రపోయాను. ఆరో రోజు పొద్దున అత్తయ్య కాఫీ కలుపుతుంటే లీలగా వాసన వచ్చింది. పరుగెత్తుకెళ్ళి గిన్నె మీద ముఖం పెట్టేశాను. నిజంగా కాఫీయే! ఊళ్ళో కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. ఆపరేషన్ అక్కర్లేదేమో అని కూడా అనుకున్నాను. మాత్రలు అయిపోయిన నాలుగో రోజుకి అది వచ్చిన దారినే పోయింది.

"మాత్రలు వాపు తగ్గించాయి, అంతే. లోపలి చెత్త అలాగే ఉంది. కానీ ఒక మంచి కబురు. వాసన పట్టే నరం బతికే ఉందని తెలిసింది" అన్నారు డాక్టరమ్మ. ఆ ఒక్క మాట పట్టుకునే ఆపరేషన్‌కి సరేనన్నాను.

మత్తు ఇచ్చి చేశారు. బయట కోత ఏమీ ఉండదు, అంతా ముక్కులోంచే. లేచేసరికి ముక్కులో ప్యాకింగ్, నోట్లో రక్తం రుచి. తర్వాత డాక్టరమ్మ ఒక చిన్న సీసా చూపించారు. వేరుశనగపప్పు నూరిన ముద్దలా జిగటగా, మట్టి రంగులో ఉంది. ల్యాబుకి పంపితే ఫంగస్ అని, ఒంట్లో ఎలర్జీ అని ఖాయం చేసి రాశారు. ఇంత రోత నా తలలో పెట్టుకుని నేను టీచరు గారి వంటింటికి వంకలు పెట్టానా అనిపించింది.

"ఆపరేషన్ సగం పనే అమ్మా. ఎలర్జీ మీ ఒంట్లోనే ఉంటుంది, పాలిప్స్ మళ్ళీ రావచ్చు. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. స్ప్రే, వాష్ మానకూడదు. మిల్లు మానేయమంటే మానేస్తారా?"

"మానను."

"తెలుసు. అయితే మంచి మాస్కు లేకుండా మిల్లు దగ్గరికి, కల్లానికి పోకూడదు. బూజు పట్టిన కాయని అసలు ముట్టుకోకూడదు."

"వాసన వస్తుందా మేడమ్?"

"చాలామందికి వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. ఎన్నాళ్ళకని నేను మాట ఇవ్వలేను."

సెలైన్ వాష్ గురించి రాస్తాను, చాలామంది భయపడతారు కాబట్టి. నీళ్ళు కాచి చల్లార్చాలి, పంపు నీళ్ళు తిన్నగా వాడకూడదు. గోరువెచ్చగా ఉండగా పొట్లంలోని ఉప్పు పొడి కలిపి, సింకు మీద వంగి, నోటితో గాలి పీలుస్తూ సీసా నొక్కితే నీళ్ళు ఈ ముక్కులోంచి వెళ్ళి ఆ ముక్కులోంచి వస్తాయి. మొదటి రోజు ఉక్కిరిబిక్కిరై సీసా విసిరికొట్టాను. పదో రోజుకి పళ్ళు తోముకున్నంత మామూలైపోయింది. మా ఆయన చూసి, "బోరింగు పంపు బాగా పనిచేస్తోంది" అనేవాడు.

వారానికోసారి గుంటూరు వెళ్తే లోపల పెచ్చులు తీసి శుభ్రం చేసేవారు. ముక్కులో గాలి ఆడింది. తల బరువు పోయింది. నోరు మూసుకుని నిద్రపోయాను. కానీ వాసన లేదు. నెల, నెలన్నర, రెండు నెలలు. ఇంగువ డబ్బా రోజూ తీస్తాను, రోజూ మూస్తాను. ఒకరోజు విసుగొచ్చి, "ఇన్ని నీళ్ళు పోసినా రానిది ఇక రాదులే" అని వాష్ మానేశాను. స్ప్రే కూడా. తొమ్మిది రోజులకి జ్వరం, పచ్చటి చీమిడి, కంటి చుట్టూ నొప్పి. మళ్ళీ బస్సు.

డాక్టరమ్మ కెమెరా పెట్టి చూసి, కుర్చీ వెనక్కి జరిపి అన్నారు. "పైరుకి పది రోజులు నీళ్ళు ఆపేసి, కాపు రాలేదని నేలని తిడతారా మీరు?"

మా ఆయన గోడకేసి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఈసారి యాంటీబయాటిక్ నిజంగా అవసరమై ఇచ్చారు, చీమిడి పరీక్షకి పంపి మరీ. ఆ రోజు బస్సులోనే అనుకున్నాను, ఇక ఒక్క పూట కూడా మాననని. ఇప్పటిదాకా మానలేదు.

ముక్కుకి చదువు చెప్పడం కూడా డాక్టరమ్మే నేర్పారు. బాగా వాసన ఉన్న నాలుగు వస్తువులు పొద్దునా సాయంత్రం ఒక్కోటి కాసేపు పీల్చాలి. పీలుస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. నేను లవంగాలు, నిమ్మతొక్క, కాఫీ పొడి, ఇంగువ పెట్టుకున్నాను. పరీక్షలు పెట్టడం అత్తయ్య వంతు. నా కళ్ళకి తువ్వాలు కట్టి, ఒక్కో గిన్నె ముక్కు కింద పెట్టేది.

"ఏంటిది?"

"లవంగం?"

"నీ తలకాయ. ఖాళీ గిన్నె!"

ఇలా రోజూ. ఆమె ఒక్క రోజు కూడా "ఇక చాల్లే" అనలేదు. మోకాళ్ళ నొప్పితో లేవలేని రోజున మంచం మీద కూర్చునే పరీక్ష పెట్టింది. మిల్లు మాత్రం ఆగే ఉంది, దాని మీద కప్పిన గుడ్డ తీయలేదు. "నా ముక్కు ఉందిగా, కాయ నేను చూస్తా, నువ్వు పట్టు" అందోసారి. అప్పుడు నేనే ఒప్పుకోలేదు.

ఆపరేషన్ అయిన నాలుగో నెలలో ఒకరోజు పొద్దున వసారాలో పత్తి గింజలు చెరుగుతున్న కూలి ఆవిడకి టీ ఇస్తున్నాను. ఉన్నట్టుండి అరిచాను. "అత్తయ్యా! పోపు మాడిపోతోంది! ఇంగువ!"

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. తర్వాత అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది, చేతిలో గరిటెతో.

"మాడితే మాడనీవే! మాడనీ! నా తల్లే!" అని అక్కడే గుమ్మానికి ఆనుకుని ఏడ్చేసింది. ఆ రోజు చారు చేదుగా ఉంది. ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం.

అటక మీది డబ్బా వెంటనే దింపలేదు. భయం. రెండు వారాలు ఆగాను. లవంగం తెలిసింది, నిమ్మ సగం తెలిసింది. అప్పుడు దింపి, పెరట్లోకి పట్టుకెళ్ళి, టేపు కోసి మూత తీశాను. ముందు ఘాటు వచ్చింది. తుమ్మాను. ఆ ఘాటు వెనకాల, మెల్లగా, తడిసిన గోతం వాసన. ముక్కిన వాసన. అత్తయ్య ఏ మాట అందో అదే. అంత చెడ్డ వాసన చూసి అంత ఆనందపడిన మనిషి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పెరట్లో నిలబడే టీచరు గారికి ఫోన్ చేశాను.

"టీచరు గారూ, నేను నాగమణిని. ఆ కారం... ముక్కిందేనండీ. మీరు చెప్పింది నిజం. నాకు అప్పుడు వాసన తెలియదు. మిమ్మల్ని అనరాని మాట అన్నాను. తప్పయిపోయింది."

ఆవిడ వెంటనే అన్నారు. "నాకు అప్పుడే అనుమానం వచ్చిందమ్మా. మీ ముక్కు బాగుంటే ఆ డబ్బా మీ గడపే దాటదు. అందుకే మీ అత్తగారికి చూపించమన్నాను. సరే గానీ, మిల్లు ఎప్పుడు వేస్తారు? మా ఇంట్లో డబ్బా ఖాళీగానే ఉంది."

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ మెచ్చుకోలేదు. "బూజు పట్టిన కారం ముక్కు దగ్గర పెట్టుకున్నారా! మిమ్మల్నేం చెయ్యాలమ్మా నేను?" అని చివాట్లు పెట్టారు. ఇంటికి రాగానే ఆ డబ్బాని మా ఆయన చేత గొయ్యి తీయించి పూడ్పించాను.

ఇప్పటికి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. వాసన పూర్తిగా రాలేదు. మల్లెపూలు ఇంకా అంతంతమాత్రమే, కూర అడుగంటితే అందరికన్నా ఆలస్యంగా తెలుస్తుంది. ఆరు నెలలకోసారి కెమెరా పెట్టి చూస్తారు. ఒకవైపు చిన్న పాలిప్ మళ్ళీ మొలిచింది, స్ప్రేతో అణిగి ఉంది. వస్తే మళ్ళీ చూసుకుందాం. మిల్లు నడుస్తోంది. మాస్కు లేకుండా నేను అటు వెళ్ళను, ఎవరినీ వెళ్ళనివ్వను. తడిసిన కాయ ఎంత ఎర్రగా ఉన్నా మిల్లుకి రాదు. ప్రతి బస్తాలోంచి కాయలు అత్తయ్య చేతికి వెళ్తాయి. ఆమె విరిచి, వాసన చూసి, "ఊఁ" అన్నాకే పడతాను. నా ముక్కు మీద నాకు నమ్మకం లేక కాదు. ఒక్క ముక్కుని నమ్ముకుంటే ఏమవుతుందో చూశాను కాబట్టి.

మిరపకాయతో, పొగాకుతో, పత్తి దుమ్ముతో బతికే మా వాళ్ళందరికీ నేను చెప్పేది ఒక్కటే. మీ ముక్కుకి మిరపకాయతో పరీక్ష పెట్టకండి. నెలకోసారి కళ్ళు మూసుకుని, ఇంట్లో ఎవరి చేతనైనా ఇంగువో కాఫీ పొడో ముక్కు కింద పెట్టించుకోండి. ఏమిటో చెప్పలేకపోతే ఎదుటివాళ్ళని తిట్టడానికి ఫోన్ తీయకండి. పొద్దున్నే డాక్టరు దగ్గరికి బస్సెక్కండి.